చేసింది రాయలేదు, ఇప్పుడు రాయవచ్చా?

ఈసారి ఉత్తరం రాసినవారు అత్యవసర వైద్య సేవల్లో ఆరేళ్లుగా అంబులెన్స్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నారు. పేరు, ఊరు, సంస్థ ఏవీ బయటపెట్టవద్దని కోరారు. ఉత్తరం పొడవైనది కనుక సారాంశం మాత్రం ఇస్తున్నాను.

మూడు వారాల క్రితం, రాత్రి షిఫ్టు ముగియబోతుండగా, ఇంట్లో కాలుజారి పడిన 72 ఏళ్ల పెద్దాయన కోసం వీరి బండికి పిలుపు వచ్చింది. వీరు వెళ్లేసరికి ఆయన కుర్చీలో కూర్చుని మామూలుగానే మాట్లాడుతున్నారు. కణత దగ్గర చిన్న బొప్పి తప్ప పైకి ఇంకేమీ కనిపించలేదు. ఆసుపత్రికి వెళదామంటే, ఇంతమాత్రానికి అక్కర్లేదని ఆయన గట్టిగా చెప్పారు. నిరాకరణ పత్రం మీద సంతకం తీసుకుని, సుమారు 20 నిమిషాల్లో వీరు బయటపడ్డారు. అది ఆ షిఫ్టులో ఏడో కేసు. అప్పటికే నాలుగు కేసుల రికార్డులు రాయకుండా మిగిలి ఉన్నాయి. ఇంటికి వెళ్లేముందు అన్నీ వరుసగా టాబ్లెట్‌లో ఎక్కించారు. పెద్దాయన పీసీఆర్‌లో (రోగిని చూసినప్పుడు అంబులెన్స్ సిబ్బంది రాసే రికార్డు) వివరణ గడిలో రాసినది ఇంతే (వైటల్స్ అంటే బీపీ, నాడి, శ్వాస వంటివి): “కింద పడ్డారు. స్పృహలో ఉన్నారు. వైటల్స్ నార్మల్. ఆసుపత్రికి రావడానికి నిరాకరించారు. సంతకం తీసుకోవడమైనది.”

రెండు రోజుల తర్వాత ఆయనకు మాట తడబడి, మగత కమ్మింది. వేరే బండి ఆసుపత్రికి చేర్చింది. తలలో రక్తస్రావమని తేలి ఆపరేషన్ చేశారు. ఇప్పుడు మెల్లగా కోలుకుంటున్నారు. ఆయన కుమార్తె రాతపూర్వకంగా ఫిర్యాదు చేశారు. తండ్రి రక్తం పలచబడే మాత్ర వాడుతున్నారని అంబులెన్స్ సిబ్బందికి ఆ రోజే చెప్పామనీ, అయినా ప్రమాదం గురించి ఎవరూ హెచ్చరించలేదనీ అందులో ఉంది. వచ్చే వారం విచారణ. బండిలో వీరితో ఉన్న సీనియర్ మాత్రం, “మనం అన్నీ చూశాం కదా, రికార్డు తెరిచి వివరంగా నింపెయ్, చేసిందే కదా రాస్తున్నాం” అంటున్నారట.

“అబద్ధం రాయమని ఆయన చెప్పడం లేదు. బీపీ చూశాను, కంటిపాపలు చూశాను, ప్రమాదం గురించి చెప్పాను. మాత్ర సంగతి మాత్రం ఎవరైనా చెప్పారో లేదో ఎంత ఆలోచించినా తెగడం లేదు. చేతులతో చేసే పనిలో నన్ను ఎవరూ వేలెత్తి చూపలేదు. రాత దగ్గరే వెనకబడతాను. ఇప్పుడు పూర్తిగా రాస్తే తప్పా? అసలు రోజుకు ఇన్ని కేసులు చూస్తూ ఎవరైనా ఎలా రాయగలరు?” అన్నది వీరి ప్రశ్న.

సమాధానం

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. ఒకటి వచ్చే వారానికి సంబంధించినది, రెండోది మీరు ఈ ఉద్యోగంలో ఉన్నంతకాలం వెంట వచ్చేది. తొందర ఉన్నదాన్ని ముందు చూద్దాం.

సీనియర్ మాటలోని మెలిక ఎక్కడుందో మీరు దాదాపు పట్టుకున్నారు. “చేసిందే కదా రాస్తున్నాం” అనే వాదన సగం వరకే నిలుస్తుంది. ఏ వైద్య రికార్డయినా చదివేవారికి రెండు విషయాలు చెబుతుంది: ఫలానా సమయంలో ఇది జరిగింది అన్నది మొదటిది, జరిగిన కొద్దిసేపటికే, ఫలితం ఏమవుతుందో తెలియక ముందే దీన్ని రాశారు అన్నది రెండోది. రికార్డుకు ఉన్న విలువలో పెద్ద వాటా ఈ రెండోదానిదే. మూడు వారాల తర్వాత, తలలో రక్తస్రావం అయిందని తెలిసిన తర్వాత, పాత తేదీ కింద “కంటిపాపలు సమానంగా ఉన్నాయి, ప్రమాదాలు వివరించాము” అని చేరిస్తే, మొదటిది నిజమే అనుకున్నా రెండోది అబద్ధమవుతుంది. పైగా ఇప్పుడు వాడుకలో ఉన్న ఎలక్ట్రానిక్ రికార్డుల్లో, ఎవరు ఎప్పుడు తెరిచారు, ఏ గడిలో ఏం మార్చారు అన్నది సాధారణంగా వెనకాల నమోదవుతూనే ఉంటుంది. ఆ జాబితా విచారణ బల్ల మీదికి వచ్చిందంటే, అంతవరకు “క్లుప్తంగా రాశారు” అనిపించుకునే మీరు ఆ క్షణం నుంచి “రికార్డు దిద్దారు” అనిపించుకుంటారు. మొదటిది శిక్షణతో, మందలింపుతో పోయే లోపం. రెండోదాని తర్వాత మీరు నిజం చెప్పినా నమ్మేవారు ఉండరు.

రికార్డు చెప్పే మొదటి విషయం, అంటే ఇది జరిగింది అన్నది కూడా నిజమేనా అన్నది ఇంకా తేలాల్సి ఉంది. మీ మనసు నొచ్చుకోవచ్చు, అయినా అడుగుతున్నాను. “బీపీ చూశాను” అన్నారు, అంకె చెప్పగలరా? “ప్రమాదం గురించి చెప్పాను” అన్నారు. ఏ మాటల్లో చెప్పారు, ఆయన ఏమన్నారు, గదిలో ఎవరున్నారు? నేను చాలాకాలం బండిలో తిరిగి, ఆ తర్వాత ఇతరుల పీసీఆర్‌లు చదివి లోపాలు చెప్పే పనిలో ఉన్నాను. అప్పుడు తెలిసినది ఒకటుంది. మనం రోజూ చేసే పనుల గురించి జ్ఞాపకం మనల్ని సునాయాసంగా మోసగిస్తుంది. వేల సార్లు కంటిపాపలు చూసినవారికి ఆ ఒక్కసారి చూశారో లేదో విడిగా గుర్తుండదు. “నేనెప్పుడూ చూస్తాను” అన్న అలవాటు “నేను చూశాను” అన్న జ్ఞాపకంలా వేషం వేసుకుని వస్తుంది.

కాబట్టి విచారణకు ముందు, ఒక కాగితం తీసుకుని మీ దగ్గరున్నదాన్ని మూడు కుప్పలుగా విడదీయండి. కచ్చితంగా గుర్తున్నవి ఒక కుప్ప: కుర్చీ, బొప్పి, ఆయన కసురుకున్న మాట, సంతకం చేసిన తీరు వంటివి. ఎప్పుడూ చేస్తాను కనుక చేసి ఉంటాను అనుకునేవి రెండో కుప్ప. తర్వాత ఇతరుల నోట, అంటే సీనియర్ నుంచో ఫిర్యాదు నుంచో, విన్నందువల్ల మనసులో చేరినవి మూడో కుప్ప. మాత్ర సంగతి మీకు తెగకపోవడానికి కారణం అది ఏ కుప్పలోదో తెలియకపోవడమే. ఫిర్యాదు చదివాక “చెప్పినట్టే ఉంది” అనిపిస్తుంది, సీనియర్‌తో మాట్లాడాక “చెప్పలేదేమో” అనిపిస్తుంది. దాన్ని తేల్చడానికి ప్రయత్నించకండి. “నాకు గుర్తులేదు” అన్నది పూర్తి జవాబే.

ఈ కాగితాన్ని రాసేముందు మాత్రం మీ సంస్థ న్యాయ సలహాదారునో, మీ సంఘం తరఫు న్యాయవాదినో అడగండి. ఎవరి కోసం రాస్తున్నారన్నదాన్ని బట్టి అలాంటి కాగితం గోప్యంగా ఉంటుందా లేదా అన్నది మారుతుంది.

ఇక మీ ముందున్న దారులు. రికార్డును పాత తేదీతోనే నింపడం మొదటిది. దాని పర్యవసానం పైన చెప్పాను. ఇద్దరూ కూర్చుని ఒకే మాట అనుకుని నింపితే పర్యవసానం ఇద్దరికీ కలిసే వస్తుంది.

రికార్డును అలాగే వదిలి, విచారణలో అడిగినదానికి మాత్రం జవాబు చెప్పడం రెండోది. ఇది గౌరవప్రదమైన దారే. రికార్డు పలచగా ఉందని ఒప్పుకోవలసి వస్తుంది, “వైటల్స్ నార్మల్ అంటే ఎంత?” అని అడిగితే అంకె చెప్పలేని ఇబ్బంది ఉంటుంది. కానీ అలవాటును అలవాటుగా చెప్పుకునే వీలు ఇక్కడ ఉంది. “పడినవారికి కంటిపాపలు చూడటం నా పద్ధతి, ఆ రోజు చూసినట్టు విడిగా గుర్తులేదు” అనవచ్చు. మౌఖికంగా ఇది నిజాయితీ గల వాక్యం. దీన్నే “కంటిపాపలు సమానం” అని రికార్డులోకి ఎక్కిస్తే కాదు. ఇంకొకటి కూడా చూడండి. మీ మానిటర్ యంత్రంలో ఆ పూట తీసిన బీపీ, నాడి, ఆక్సిజన్ అంకెలు ఇంకా నిల్వ ఉండవచ్చు. ఉంటే వాటిని మీరు తీయకండి, అవి చెరిగిపోకముందే భద్రపరచమని సూపర్‌వైజర్‌ను రాతపూర్వకంగా కోరండి. మీకు అనుకూలంగా ఉన్నా లేకపోయినా, మీ జ్ఞాపకం కంటే అవి నమ్మదగినవి.

మూడోది, ఆలస్యంగా రాసినదని స్పష్టంగా చెప్పే అనుబంధం చేర్చడం. అసలు రాతను ముట్టుకోకుండా, ఈనాటి తేదీ, సమయం వేసి, “ఆలస్య నమోదు, జ్ఞాపకం నుంచి రాసినది, ఫిర్యాదు విషయం తెలిసిన తర్వాత రాసినది” అని మొదటి వాక్యంలోనే పేర్కొని, మొదటి కుప్పలోవి మాత్రమే రాయాలి. సాధారణ రోజుల్లో, షిఫ్టు ముగిశాక ఏదో మరిచామని గుర్తొస్తే, ఇదే సరైన పద్ధతి, సంకోచం అక్కర్లేదు. ఫిర్యాదు వచ్చాక మాత్రం ఇదే పని అనుమానాలకు తావిస్తుంది కనుక, సూపర్‌వైజర్ అనుమతి, న్యాయ సలహా లేకుండా చేయకూడదు. చాలా సంస్థలు ఈ దశలో అనుబంధం వద్దని, దానికి బదులు విడిగా సంఘటన నివేదిక ఇవ్వమని అడుగుతాయి. నా మొగ్గు రెండోదాని వైపు, అడిగితే సంఘటన నివేదిక ఇవ్వడం వైపు ఉంది. అయితే మీ సంస్థ నియమాలు మీ చేతిలో ఉన్నాయి, నా చేతిలో లేవు. వాటిని చదివి నిర్ణయించుకోండి.

ఇప్పుడు మీరు ఎక్కువ బాధతో అడిగిన, కానీ కొంచెం పక్కకు తిప్పి అడిగిన ప్రశ్నకు వస్తాను. “చేతులతో చేసే పనిలో లోటు లేదు, రాతలోనే వెనకబడతాను” అన్నారు. ఈ రెండూ వేర్వేరు పనులని మీరు అనుకుంటున్నారు, చాలామంది అనుకుంటారు. నాకు అలా అనిపించదు. అత్యవసర సేవల్లో రాత అనేది పరీక్షకు చివరి అంచె. మీ ఐదు వాక్యాల్లో లేనివేమిటో చూస్తే నా మాట అర్థమవుతుంది.

ఆయన ఎందుకు పడ్డారు? కాలు జారిందా, లేక కళ్లు తిరిగి పడి, కాలు జారిందని అనుకుంటున్నారా? రెండోదైతే గుండె లయ తప్పి ఉండవచ్చు, చక్కెర పడిపోయి ఉండవచ్చు. అప్పుడు ఈసీజీ, గ్లూకోజు పరీక్ష అవసరమయ్యేవి. పడినప్పుడు ఎవరైనా చూశారా? స్పృహ ఒక్క నిమిషమైనా పోయిందా? ఏ మందులు వాడుతున్నారు? ఇంట్లో “రక్తం పలచబడే మాత్ర” అని ఒకే పేరుతో పిలిచేవాటిలో వార్ఫరిన్, అపిక్సాబాన్ వంటివి ఒక రకం, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మరో రకం. అందుకే మాత్రల పట్టీ తెప్పించి పేరు రాసుకోవాలి. మొదటి రకం వాడేవారి తలకు దెబ్బ తగిలితే, లక్షణాలేమీ లేకపోయినా స్కాన్ గురించి ఆలోచించాలని తలగాయాల వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. వయసుతో మెదడు కొంత కుంచించుకుపోవడం వల్ల దాని పైపొరకు వెళ్లే సన్నని సిరలు సాగి, చిన్న కుదుపుకే చిట్లుతాయి. లోపల ఖాళీ చోటు ఉన్నందువల్ల రక్తం కొంత చేరేదాకా మనిషి మామూలుగానే కనిపిస్తారు. ఈయన విషయంలో జరిగింది అదేనని నేను చెప్పలేను. కానీ “బాగానే మాట్లాడుతున్నారు” అన్నది ఆ వయసులో ఎందుకు సరిపోదో చెప్పడానికి ఇది చాలు.

ఈ ప్రశ్నలన్నీ మీకు తెలిసినవే. అయినా “మందులు” అనే గడి నింపకుండా రికార్డు ముగించడం అలవాటైనవారు, కొంతకాలానికి ఆ ప్రశ్న అడగడం కూడా మానేస్తారు. రాయాలి అని తెలిసి వెళ్లినవారు అడుగుతారు. పెద్దాయన విషయంలో రికార్డు బాగుంటే రక్తస్రావం ఆగేదా అని మీరు మీలో మీరు నలిగిపోతూ ఉండవచ్చు. రాత ఆపదు. ఆయన అప్పటికీ రానని ఉండవచ్చు. ఆ హక్కు ఆయనకుంది. కానీ మాత్ర పేరు రాయడానికి అడిగి ఉంటే, దాన్ని చూసి ఇంకో ఐదు నిమిషాలు నచ్చజెప్పి ఉండేవారేమో, కంట్రోల్ రూమ్ డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడించి ఉండేవారేమో. ఇంతకుమించి ఎవరూ చెప్పలేరు.

నిరాకరణ కేసులే అన్నిటికంటే వివరంగా రాయవలసినవి. మన అలవాటు సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంటుంది: గుండె ఆగిన కేసుకు రెండు పేజీలు రాస్తాం, రానన్నవారికి రెండు లైన్లు. గుండె ఆగినవారిని ఆసుపత్రిలో పదిమంది చూస్తారు, వారి రాతలూ ఉంటాయి. రానన్నవారిని మన తర్వాత ఎవరూ చూడరు. సంతకం ఒక్కటే కాపాడుతుందనుకోవడం కూడా పొరపాటే. ఆయన ఏం తెలుసుకుని సంతకం చేశారో చెప్పలేకపోతే ఆ కాగితానికి బలం ఉండదు. నిర్ణయం తీసుకునే సామర్థ్యం అంటే, చెప్పినది అర్థం చేసుకోవడం, కాసేపు గుర్తుంచుకోవడం, లాభనష్టాలు తూచుకోవడం, నిర్ణయాన్ని చెప్పగలగడం. ఈ నాలుగూ కనిపించాయని రాయడానికి చక్కని మార్గం, మీరు చెప్పిన ప్రమాదాన్ని ఆయన మాటల్లోనే తిరిగి చెప్పమని అడిగి, ఆ మాటలను కొటేషన్లలో పెట్టడం.

ఎలా ఉంటుందో చూపడానికి ఒక నమూనా రాస్తున్నాను. అందులో వచ్చే జీసీఎస్ అంటే గ్లాస్గో కోమా స్కేల్: కళ్లు (ఇ), మాట (వి), కదలిక (ఎం) అనే మూడింటికి అంకెలు వేసి స్పృహ స్థాయిని కొలిచే పద్ధతి. ఇందులోని అంకెలు, వివరాలు నేను కల్పించినవి. మీ రికార్డులోకి ఎప్పుడూ వెళ్లకూడనివి ఇలాంటివే.

“తడి నేల మీద కాలుజారి పడ్డానని రోగి చెప్పారు. పడేముందు కళ్లు తిరగడం, గుండె దడ, ఛాతీ నొప్పి లేవన్నారు. పడటం ఎవరూ చూడలేదు. చప్పుడు విని వెంటనే వచ్చానని, అప్పటికి మాట్లాడుతూనే ఉన్నారని కుమార్తె చెప్పారు. కుడి కణతపై 3 సెంటీమీటర్ల వాపు, చర్మం చిట్లలేదు. మెడ ఎముకలపై నొక్కితే నొప్పి లేదు. వాంతి లేదు. 05:12కు జీసీఎస్ ఇ4 వి5 ఎం6, కంటిపాపలు రెండు వైపులా 3 మిల్లీమీటర్లు, వెలుతురుకు స్పందన ఉంది. బీపీ 148/86, నాడి 78 క్రమంగా ఉంది, శ్వాస 16, ఆక్సిజన్ 97 శాతం, గ్లూకోజు 118. 05:24కు మళ్లీ చూడగా బీపీ 144/84, నాడి 76, జీసీఎస్ మారలేదు. రోజూ వార్ఫరిన్ వాడుతున్నారు, పట్టీ చూశాము. ఈ మందు వల్ల తలలో ఆలస్యంగా రక్తస్రావం కావచ్చని, ప్రాణాపాయం ఉండవచ్చని చెప్పి, స్కాన్ కోసం రమ్మని రెండుసార్లు కోరాము. ‘తలలో రక్తం కారొచ్చు, చచ్చిపోవచ్చు అంటున్నారు, తెలిసింది, పొద్దున మా డాక్టరు దగ్గరికి వెళతాను’ అన్నారు. 05:27కు కంట్రోల్ రూమ్ డాక్టరు ఫోన్‌లో మాట్లాడినా అంగీకరించలేదు. తలనొప్పి పెరిగినా, వాంతి అయినా, మగతగా ఉన్నా, మాట తడబడినా వెంటనే పిలవమని కుమార్తెకు చెప్పాము. ఆమె తోడుగా ఉంటానన్నారు, సాక్షిగా సంతకం చేశారు.”

దీన్ని టైపు చేయడానికి ఎనిమిది, పది నిమిషాలు పడుతుంది. ఇందులో “నార్మల్” అన్న మాట ఒక్కసారి కూడా లేదని గమనించే ఉంటారు. ఇంగ్లిష్‌లో రాసేచోట “డబ్ల్యూఎన్ఎల్” అని మూడక్షరాలు కొట్టడం పాత అలవాటు; సాధారణ పరిమితుల్లో ఉంది అని దాని అర్థం. “వుయ్ నెవర్ లుక్డ్”, అంటే మేము చూడనే లేదు, అని దాన్ని విడమరిచి నవ్వుకోవడమూ అంతే పాత అలవాటు. ఆ వేళాకోళంలో న్యాయముంది. అంకె రాస్తే తర్వాతివారు తమ అంకెతో పోల్చి చూసుకుంటారు; మీ తీర్పు రాస్తే పోల్చడానికి వారికి ఏమీ మిగలదు. రెండోసారి చూసిన అంకెలు రాయడం ఎందుకంటే, ఒక అంకె ఆ క్షణం సంగతే చెబుతుంది, రెండు అంకెలు మనిషి ఎటు పోతున్నారో చెబుతాయి.

జీసీఎస్‌ను విడగొట్టి రాయడమూ ఇందుకే. 1974లో గ్లాస్గోలో గ్రాహం టీస్‌డేల్, బ్రయాన్ జెన్నెట్ దాన్ని ప్రకటించినప్పుడు కళ్లు, మాట, కదలిక అనే మూడింటినీ విడివిడిగా చూడాలన్నదే వారి ఉద్దేశం. మొత్తం కూడి 3 నుంచి 15 వరకు ఒకే అంకెగా చెప్పడం తర్వాత పాకిన అలవాటు. మొత్తం 10 అని ఉంటే, ఆ 10 మాట తగ్గడం వల్ల వచ్చిందో, కదలిక తగ్గడం వల్ల వచ్చిందో న్యూరోసర్జన్‌కు తెలియదు, ఆయనకు కావలసినది అదే.

లేనివాటిని రాయడం కూడా చూశారు కదా: వాంతి లేదు, మెడ నొప్పి లేదు, దడ లేదు. అడిగాము, లేదన్నారు అని చెప్పే రాతలు ఇవి. అయితే ఇక్కడే టాబ్లెట్ వల్ల ఒక ప్రమాదం ఉంది. ఒక్క మీట నొక్కితే “రెండు వైపులా శ్వాస శబ్దాలు సమానం, పొట్ట మెత్తగా ఉంది” అని వాక్యాలన్నీ తామే వచ్చి పడతాయి. మడమ బెణికిన కుర్రవాడి రికార్డులో కూడా పొట్ట మెత్తగా ఉందని చదివితే, ఆ మనిషి రాసిన మిగతా రికార్డులన్నిటి మీదా నాకు అనుమానం మొదలవుతుంది. చూడనిదాన్ని “చూడలేదు” అని రాయడానికి సిగ్గుపడనక్కర్లేదు. “రోగి అనుమతించనందున పొట్ట పరీక్షించలేదు” అన్నది మంచి వాక్యం.

కళ్లకు కనిపించినదాన్ని, దాని మీద మన అభిప్రాయాన్ని వేరుచేయడం గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళతాను. “తాగి ఉన్నారు” అని రాసిన మనిషికి చక్కెర 40 ఉందని ఆసుపత్రిలో తేలిన రికార్డులు నేను చదివాను. “నోటి నుంచి మద్యం వాసన, మాట ముద్దగా ఉంది, నడక తూలుతోంది, గ్లూకోజు ఇంత” అని రాసినవారికి ఆ ఇబ్బంది రాదు, ఎందుకంటే మద్యం అని తీర్పు చెప్పి ఊరుకోకుండా వారు గ్లూకోజు చూశారు. కమిలిన గాయాల దగ్గరా అంతే: ఎక్కడ, ఎంత పరిమాణం, ఏ రంగు అని రాయాలి; ఎలా అయిందని ఎవరు చెప్పారో వారి మాటల్లో రాయాలి. ఎవరు కొట్టి ఉంటారన్నది మన పని కాదు.

ఇక సమయం సంగతి. రోజుకు ఏడు కేసులు చూస్తూ ఎలా రాయాలి అన్న మీ ప్రశ్న న్యాయమైనదే, దానికి పూర్తి జవాబు మీ చేతుల్లో లేదు. ఒక కేసు అప్పగించిన మరుక్షణమే ఇంకో కేసుకు పంపే చోట ఎంతటివారి రాత అయినా పలచబడుతుంది. విచారణలో ఈ మాట చెప్పండి. సాకుగా కాకుండా, ఆ షిఫ్టు డిస్పాచ్ సమయాలు, అంటే బండిని ఒక్కో కేసుకు పంపిన సమయాలు, ముందుంచి, రెండు కేసుల మధ్య ఎన్ని నిమిషాలు దొరికాయో చూపి చెప్పండి. రాతకు సమయం కేటాయించడం సంస్థ చేయవలసిన పని, మీ షిఫ్టు లెక్కలే దానికి ఆధారం.

మీ చేతిలో ఉన్నది కొంత ఉంది. ఐదు రికార్డులు చివర్లో కలిపి రాయడం ఒక్కటి మానగలిగితే మిగతావి చాలావరకు వాటంతట అవే సర్దుకుంటాయి, ఎందుకంటే మూడో కేసు నాడి అంకె నాలుగో కేసులోకి జారిపోవడం ఆ చివరి గంటలోనే జరుగుతుంది. పూర్తి వివరణ వెంటనే రాయలేకపోతే, అంకెలు, సమయాలు, మందుల పేర్లు మాత్రం రోగి పక్కనే రాసుకోండి. కొందరు గ్లోవ్ వెనక మీద, కొందరు తొడ మీద అంటించుకున్న టేపు మీద రాసుకుంటారు; గ్లోవ్ తీసి పారేసి తలపట్టుకున్నవారిని ఎరుగుదును కనుక నేను చిన్న నోట్‌ప్యాడ్ వైపే ఉంటాను. అందులో రోగి పేరు రాయకండి, కేసు నంబరు చాలు; ఆ కాగితాన్ని ఏం చేయాలో మీ సంస్థ నియమం ప్రకారం చేయండి. సొంత ఫోన్‌లో ఫోటోలు తీసుకోవడం మాత్రం వద్దు.

వరుస ఒకటి అలవాటు చేసుకోండి, ఏదైనా సరే. లారెన్స్ వీడ్ అనే అమెరికన్ వైద్యుడు 1960లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి నుంచి వచ్చిన ‘సోప్’ ఒకటి: రోగి చెప్పింది, మనం చూసింది, మన అంచనా, మనం చేసింది. అంబులెన్స్ వారు ఎక్కువగా వాడే ‘చార్ట్’ ఇంకొకటి: ముఖ్య ఫిర్యాదు, పూర్వాపరాలు, పరీక్ష, చికిత్స, తరలింపు. రెండింటిలో ఏది మేలన్న చర్చ నాకు ఆసక్తి లేనిది. అలసిపోయిన తెల్లవారుజామున కూడా చేయి తనంతట తాను తర్వాతి గడికి వెళ్లాలి, వరుస వల్ల ప్రయోజనం అంతే.

గడియారాల గురించి ఎవరూ చెప్పరు కనుక చెబుతున్నాను. డిస్పాచ్ గడియారం, మానిటర్ గడియారం, మీ చేతి గడియారం మూడూ మూడు సమయాలు చూపిస్తుంటే, మీ రికార్డులో షాక్ ఇచ్చిన తర్వాత గుండె లయ చూసినట్టు వస్తుంది. షిఫ్టు మొదట్లో మూడింటినీ సరిచూసుకోండి. కుదరకపోతే తేడా ఎంతో రాయండి. కొన్ని చోట్ల నిమిషాలే వైద్యాన్ని నిర్ణయిస్తాయి. పక్షవాతం అనుమానంలో మనిషిని చివరిసారి మామూలుగా చూసిన సమయం మీ రికార్డులో లేకపోతే, గడ్డ కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు కనుక, ఆసుపత్రివారు చేతులు కట్టుకోవలసి రావచ్చు. రక్తస్రావం ఆపడానికి చేతికో కాలికో కట్టే పట్టీని, అంటే టూర్నికేను, బిగించిన సమయమూ అలాంటిదే.

ఆ మాటకొస్తే మనం రాసినవి మనకు కనిపించని చోట్లకు కూడా వెళతాయి. ఆసుపత్రి బయట గుండె ఆగినవారిలో ఎంతమంది బతుకుతున్నారో ఒక చోటికి, ఇంకో చోటికి పోల్చడం ఒకప్పుడు సాధ్యమయ్యేది కాదు, ఎవరికి తోచిన నిర్వచనంతో వారు రాసేవారు కనుక. 1990లో నార్వేలోని ఉట్‌స్టైన్ మఠంలో నిపుణులు సమావేశమై, ఏయే సమయాలు, ఏయే వివరాలు తప్పక నమోదు చేయాలో ఒక పద్ధతి నిర్ణయించారు. 1991లో అచ్చయిన ఆ పద్ధతిని ఇప్పటికీ ఉట్‌స్టైన్ శైలి అనే అంటారు. పక్కనున్నవారు ఛాతీ నొక్కడం మొదలుపెట్టారా లేదా అని మీ టాబ్లెట్‌లో ఒక గడి ఉంటే, అది అక్కడి నుంచి వచ్చినదే.

మీ సీనియర్ సంగతి మిగిలింది. ఆయన దురుద్దేశంతో అన్నారని నేను అనుకోను. కాగితాల మీద రాసిన రోజుల్లో చాలామందికి అలా నింపడం చెల్లుబాటు అయింది, ఆయన మిమ్మల్ని కాపాడుతున్నాననే అనుకుంటూ ఉండవచ్చు. విచారణ పూర్తయ్యేదాకా ఈ కేసు గురించి మీరిద్దరూ మాట్లాడుకోకపోవడం మేలు, ఎందుకంటే మాట్లాడిన కొద్దీ మూడో కుప్ప పెరుగుతుంది. “నేను రికార్డు తెరవడం లేదు, నాకు గుర్తున్నదే చెబుతాను, మీకు గుర్తున్నది మీరు చెప్పండి” అని ఒక్కసారి, ఎదురుపడి, మర్యాదగా చెప్పండి. ఆయన నొచ్చుకుంటే బండిలో కొన్నాళ్లు ఇబ్బందిగా ఉంటుంది. ఆయన తానే రికార్డు తెరిచి ఉంటే మాత్రం, సూపర్‌వైజర్‌కు ఆ సంగతి మీ నోట ముందుగా తెలియాలా అన్న కష్టమైన ప్రశ్న వస్తుంది. ఆ రాత కింద మీ పేరు కూడా ఉంటుంది కనుక, తెలియాలనే నేను అనుకుంటాను.

కుమార్తెతో మీరు సొంతంగా మాట్లాడాలని ఉందని ఉత్తరం చివర రాశారు. ఆ కోరిక నాకు అర్థమవుతుంది, కానీ ఇప్పుడు ఒంటరిగా, ఫోన్ చేసి వద్దు. సంస్థ ఏర్పాటు చేసే సమావేశంలో మీరు ఉంటానని ముందుగానే చెప్పి ఉంచండి. అక్కడ ఆమె మిమ్మల్ని మాత్ర గురించి అడుగుతారు. “మీరు చెప్పి ఉండవచ్చు. నేను రాసుకోలేదు, అందువల్ల ఇవాళ మీకు అవునని గానీ కాదని గానీ చెప్పలేకపోతున్నాను. ఆ రోజు రాసుకోవలసింది” అనగలిగితే, మీరు చెప్పగలిగిన నిజం అంతా చెప్పినట్టే. ఆ మాటలు సమావేశంలో ఎలా, ఎవరి సమక్షంలో అనాలో ముందు న్యాయ సలహాదారుతో మాట్లాడుకుని వెళ్లండి.